గుట్టెక్కే సైకిలు

నిర్మలకు ఏ వస్తువును చూసినా అది లోపల ఎట్లా పనిచేస్తుందో తెలుసుకునేదాకా నిద్రపట్టేది కాదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు నెహెమ్యా ముచ్చటపడి కొనుక్కున్న టార్చిలైటును వారం తిరక్కుండానే విప్పి చాపమీద పరిచింది. తిరిగి బిగించింది కూడా. కాకపోతే ఆ తరవాత దాన్ని అరచేత్తో ఒక దెబ్బ కొడితేగాని వెలిగేది కాదు. నెహెమ్యా ఆ కథను చుట్టాలందరికీ చెప్పి నవ్వేవాడు. అతను నాపరాళ్ళ లారీకి డ్రైవరు. ఆమె మాచర్ల దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊళ్ళలో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలవరు. పెద్దాచిన్నా అందరికీ నర్సమ్మే.

ఆమె తిరగాల్సిన ఊళ్ళలో చాలావరకు చదునునేల మీదివే. ఒక్క బోడిగుట్ట తండా మాత్రం పేరుకు తగ్గట్టు గుట్టమీద ఉండేది. బస్సు గుట్ట కింద దింపేసి పోయేది. అక్కణ్ణించి రాళ్ళదారిలో నడక. భుజానికి టీకామందుల డబ్బా. ఆ డబ్బాలో మంచుగడ్డలు, వాటి మధ్య పసిపిల్లలకు వేసే పోలియో చుక్కలు. మంచు కరిగితే మందు చెడిపోతుంది. చెడిపోయిన మందు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే.

ఎనభై తొమ్మిదో సంవత్సరం, ఫిబ్రవరిలో ఒక బుధవారం బస్సు బాగా ఆలస్యంగా వచ్చింది. పల్నాటి ఎండకు ఫిబ్రవరి అయితే ఏంది, మే అయితే ఏంది. నిర్మల చెమటలు కక్కుకుంటూ తండా చేరి, వేపచెట్టు నీడలో డబ్బా మూత తీసేసరికి లోపల మంచులేదు. గోరువెచ్చటి నీళ్ళలో మందుసీసాలు తేలుతున్నాయి.

పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు సోమ్లీ కూర్చుంది. మిరపకోతకు పోవాల్సిన మనిషి, కూలి పోగొట్టుకుని పొద్దుటినుంచీ కాచుకుని ఉంది.

"మందు పాడైందమ్మా. ఇయ్యాల వేయకూడదు," అంది నిర్మల.

సోమ్లీ గొంతు పెంచలేదు. చంటిదాన్ని ఈ చంకనించి ఆ చంకకు మార్చుకుంది.

"పోయిన నెల బస్సు రాలేదంటివి. ఈ నెల మంచు కరిగిందంటివి. వచ్చే నెల ఏం చెప్తావో ఇప్పుడే చెప్పు, నేను కూలికన్నా పోతా," అంది.

నిర్మల డబ్బా మూసి గుట్ట దిగింది. దిగుతుంటే కట్టెలవాడొకడు సైకిలును తోసుకుంటూ ఎదురొచ్చాడు. ఆ దారిలో సైకిళ్ళు ఆమె చాలాసార్లు చూసింది. తోసేవాళ్ళనే చూసింది గాని, తొక్కేవాళ్ళను ఒక్కసారీ చూడలేదు. ఎందుకని? వాలు ఎక్కువనా? రాళ్ళ వల్లనా? మనుషుల్లో సత్తువ లేకనా, సైకిల్లో లేకనా? మందు పాడైన బాధ ఒకపక్క ఉండనే ఉంది, అయినా ఆ ప్రశ్న మనసులో పడ్డాక ఇక ఆమెను వదల్లేదు.

సైకిలు తొక్కడం ఆమెకు కొత్తకాదు. హాస్టల్లో చదువుకునేటప్పుడు వాచ్‌మన్ సైకిలును తీసుకుని, బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది. మోకాళ్ళమీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. ఆఫీసులో సైకిలు కొనుక్కోవడానికి అడ్వాన్సు ఇస్తారు. ఇన్నేళ్ళలో ఆడవాళ్ళెవరూ దాన్ని అడగలేదు, అంతే.

రాత్రి అన్నం పెడుతూ సంగతి చెప్పింది.

"సైకిలా? గుట్టమీదికా?" అన్నాడు నెహెమ్యా. "లారీయే రొప్పిద్దే ఆడ."

"లారీ బరువు. సైకిలు బరువు కాదుగా."

"జనం నవ్వుతారే."

"నవ్వనీయ్. ఆ సోమ్లీ చూసిన చూపు కంటే నవ్వే నయం."

నెహెమ్యా పెరుగు కలుపుకున్నాడు. తరవాత, "ముందు ఒకటి అద్దెకు తీసుకుని చూడు. కొన్నాక ఏడిస్తే ఎవడూ వెనక్కి తీసుకోడు," అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోయాక జాన్ సాహెబ్ దుకాణానికి పోయింది. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణం అది. ఆయన ఏ సైకిలు ఇచ్చినా ముందు గంట మోగించి చూపించేవాడు, మిగతాది దేవుడిమీద భారం. నిర్మలకు ఆడవాళ్ళ సైకిలొకటి తీసిచ్చాడు. ముందు బుట్ట, వెనక చక్రానికి చీర పడకుండా వల, చూడముచ్చటగా ఉంది.

"యాడిదాకా, నర్సమ్మా?"

"ఇట్టా పోయొస్తా బాబాయ్."

ఇట్టా అంటే బోడిగుట్ట అని ఆయనకెట్లా తెలుస్తుంది? తారురోడ్డుమీద అది నీళ్ళమీద ఆకులాగా పోయింది. నిర్మలకు చిన్నతనం గుర్తొచ్చి ఒంట్లో హుషారు పుట్టింది. గుట్ట మొదట్లో మొదటి రాయి తగలగానే బుట్ట గడగడలాడింది. రెండో మలుపు దగ్గర వెనకచక్రం ఒక పదునైన రాయిమీద పడి ఉస్సుమంది. అంతటితో సరి. ఎండలో అంతదూరమూ తోసుకుంటూ వచ్చి దుకాణం ముందు నిలబెట్టింది.

జాన్ సాహెబ్ ట్యూబు బయటికి లాగి, గాలికొట్టి, నీళ్ళపళ్ళెంలో ముంచి చూశాడు. పక్కపక్కనే రెండుచోట్ల బుడగలొచ్చాయి.

"పాము కరిచినట్టుందే," అంది నిర్మల, ఆయన పక్కనే గొంతుక్కూర్చుని.

"ముల్లు గుచ్చుకుంటే ఒక బొక్క. ఇది రాయి. టైరును రాయి కింద నుంచి నొక్కింది, చక్రం ఇనప అంచు పైనుంచి నొక్కింది. మధ్యలో ట్యూబు నలిగింది. గుట్టకు తీసుకపోయినావా ఏంది?"

"తీసుకపోయినా. మరి టైరు లావుగా ఉంటే నలగదుగా?"

జాన్ సాహెబ్ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. అద్దె సైకిలు పాడుచేసినవాళ్ళు ఆయన ముందు సాకులు చెప్పడం మామూలు. ప్రశ్న అడిగిన మనిషిని చూడటం కొత్త.

"లావు టైర్లవి వచ్చినయ్యమ్మా ఈ మధ్య. మా బావమరిది ఖాజా మొహిద్దీన్‌కు నరసరావుపేటలో దుకాణం ఉంది, ఆడ చూసినా. హ్యాండిలు తిన్నగా కర్రలాగా ఉండిద్ది. కుర్రాళ్ళు దాన్ని కొండ సైకిలంటారు. దాన్నేసుకుని ఏ కొండా ఎక్కినోణ్ణి నేను చూళ్ళా. పేరు మాత్రం అది."

అడ్వాన్సు చేతికొచ్చిన వారంలోనే నెహెమ్యా లారీకి నరసరావుపేట లోడు పడింది. నాపరాళ్ళు వెనక, నిర్మల ముందు క్యాబిన్లో. గురజాల దాటేదాకా ఆమె గేరురాడ్డు వంకే చూస్తూ కూర్చుంది. ఎత్తు రాగానే నెహెమ్యా గేరు తగ్గించేవాడు. ఇంజను గట్టిగా అరిచేది, లారీ మెల్లిగా పోయేది.

"ఎత్తు ఎక్కేటప్పుడు బలం కావాలిగదా. మరి బండి ఎందుకు నెమ్మదిస్తంది?" అని అడిగింది.

"రెండూ ఒకేసారి రావే. బలం కావాలంటే వేగం వదులుకోవాల. వేగం కావాలంటే బలం వదులుకోవాల."

"ఎందుకని?"

"ఎందుకంటే నాకేం తెలుసు? ఇరవయ్యేళ్ళనుంచి అట్టే తోల్తన్నా," అన్నాడు నెహెమ్యా.

రాళ్ళు దించే పని కూలీలకు అప్పజెప్పి ఇద్దరూ ఖాజా మొహిద్దీన్ దుకాణానికి వెళ్ళారు. దుకాణం ముందు కొత్త సైకిలు తాడుకు వేలాడుతూ ఉంది. ఎర్రగా నిగనిగలాడుతోంది. టైర్లు నిజంగానే లావు. వాటిమీద ట్రాక్టరు చక్రానికున్నట్టు గట్లు గట్లుగా ఉన్నాయి. నిర్మల కిందనుంచి వాటిని వేళ్ళతో తడిమింది. ధర అడిగింది. విని, మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. అడ్వాన్సూ చాలదు, దానికి తోడు రెండు నెలల జీతం పెట్టినా చాలదు.

"ఆడోళ్ళకు కావాలంటే ఇదుగో," అని ఖాజా మొహిద్దీన్ బుట్ట సైకిలు వైపు చెయ్యి చూపించాడు.

"అది చూసినా అన్నా. దాన్ని పాము కరిచింది," అంది నిర్మల. ఆయనకు అర్థంకాలేదు. ఆమె చూపు అప్పటికే దుకాణం లోపల, గోనెసంచుల వెనక ఆగింది. అక్కడ ఇంకో లావుటైరు కనబడుతోంది. "అదేంది?"

"అది అమ్మేది కాదులెమ్మా."

"అమ్మకపోతే దాచుకోను దుకాణం ఎందుకు?" అన్నాడు నెహెమ్యా.

ఖాజా మొహిద్దీన్ గొణుక్కుంటూ సంచులు జరిపి దాన్ని బయటికి లాగాడు. ఒకప్పుడు అదీ ఎరుపే. పక్కలకు రంగు గీసుకుపోయి ఉంది. రైసుమిల్లు యజమాని కొడుకు కొన్నాడట. స్నేహితులతో చిలకలూరిపేట రోడ్డుమీద పందెం వేసుకుంటే సన్నటి టైర్ల సైకిళ్ళన్నీ ఇతన్ని వెనకేసి పోయాయట. రోషమొచ్చి తిరిగి ఇచ్చేసి, మోపెడ్ కొనిపించుకున్నాడు.

"అంతేనా? ఈ గీకుడంతా పందెంలో ఓడితే వచ్చిందా?" అంది నిర్మల.

"బర్రెను గుద్దాడమ్మా," అన్నాడు ఖాజా మొహిద్దీన్, తప్పించుకునే దారి లేక. "బర్రెకేం కాలేదు."

నెహెమ్యా ముందుకొచ్చాడు. లారీ ఛాసిస్ వంకర ఎట్లా చూడాలో అతనికి తెలుసు. ఒక పొడుగాటి దారం అడిగి తీసుకుని, హ్యాండిలు కిందుండే గొట్టం చుట్టూ తిప్పి, రెండు కొసలనూ వెనకచక్రం దాకా బిగించి లాగి పట్టుకోమని నిర్మలకిచ్చాడు. మధ్యగొట్టానికి అటూ ఇటూ దారం ఎంతెంత దూరంలో ఉందో వేలుపెట్టి కొలిచాడు. రెండువైపులా ఒకటే. తరవాత పక్కకు పోయి ఒక కన్ను మూసి ముందుచక్రం వంక చూశాడు.

"బండి తిన్నగానే ఉంది. ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కే కాస్త వెనక్కి నొక్కుకుంది. బర్రె గట్టిదే."

"కమ్మరి దగ్గర తిన్నగా కొట్టించి ఇస్తా," అన్నాడు ఖాజా మొహిద్దీన్. "ముందు సంగతి చెప్పండి, తొక్కేదెవరు?"

"నేనే," అంది నిర్మల. "తొక్కి చూసినాకే కొనేది."

రైల్వేగేటు దగ్గర రోడ్డు మరమ్మతు చేస్తున్నారని, అక్కడ కంకర పరిచి ఉందని లారీలో వచ్చేటప్పుడే చూసి పెట్టుకుంది. గేటుకు ముందు ఎత్తు కూడా ఉంది. ముగ్గురూ సైకిలుతో అక్కడికి నడిచారు. ఈ సైకిలుకు మగవాళ్ళ సైకిలుకున్నట్టు అడ్డబారు ఉంది. నిర్మల క్షణం ఆలోచించి, చీర కుచ్చెళ్ళు వెనక్కి తీసి, నాట్లు వేసే ఆడవాళ్ళలాగా గోచీ బిగించింది. నెహెమ్యా గేటు పక్కనున్న సినిమా పోస్టరును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

కంకరమీదికి పోనిచ్చింది. జాన్ సాహెబ్ సైకిలు మీద పళ్ళు టకటకలాడినంతపని అయింది గదా, ఇక్కడ అట్లా కాలేదు. టైరు రాయిని మింగి, దాటాక మళ్ళీ కక్కుతున్నట్టుంది. వెనక్కి తిరిగి ఇంకోసారి పోయింది. కావాలని పెద్దరాళ్ళున్నచోటే పోనిచ్చింది. ట్యూబుకు ఏమీ కాలేదు. ఆ సంతోషంలోనే ఎత్తుకు తిప్పింది. సగం ఎక్కేసరికి తొడలు బిగుసుకుపోయాయి. పెడలు కిందికి దిగనంది. సైకిలు ఆగింది, ఆగిన సైకిలు పక్కకు ఒరిగింది, నిర్మల కంకరలో కూర్చుంది.

"చెప్పినాగా," అన్నాడు ఖాజా మొహిద్దీన్ కిందనుంచి. "బరువు బండి అది. మిల్లు కుర్రాడే ఎక్కించలేకపోయాడు."

నిర్మల లేవలేదు. మోచెయ్యి తుడుచుకుంటూ అక్కడే కూర్చుంది. నొప్పివల్ల కాదు. ఆమె పక్కనుంచి ఒక సైకిలు రిక్షా ఎత్తు ఎక్కుతోంది. వెనక పత్తిబోరాలు మనిషెత్తున ఉన్నాయి. లాగేవాడు చూస్తే బక్కపలచటి మనిషి. కాళ్ళు గబగబా తిరుగుతున్నాయి, రిక్షా మాత్రం పెళ్ళి ఊరేగింపులాగా నింపాదిగా పోతోంది. పోతోందిగాని, ఆగటంలేదు.

నిర్మల చటుక్కున లేచి దాని వెనక పరుగెత్తింది. గేటు వేసి ఉండటంతో రిక్షా పైన ఆగింది. ఆమె వంగి, వెనక ఇరుసు దగ్గర గొలుసు తిరిగే పళ్ళచక్రాన్ని చూసింది.

"ఏందమ్మా, ఏమన్నా పడిందా?" అన్నాడు రిక్షా అతను. పేరు అంకారావు అని రిక్షా వెనకే రాసి ఉంది.

"ఏం పళ్ళేదులే అంకారావు. నీ పళ్ళచక్రం పెద్దదిగా ఉందే?"

"రిక్షాకు పెద్దదే వేస్తారమ్మా. చిన్నది వేస్తే ఖాళీ బండి కూడా కదలదు. దీనికి కాళ్ళు ఎక్కువ తిప్పాల, బండి తక్కువ పోయిద్ది. అయితే ఏం, ఎంత బరువున్నా పోయిద్ది."

నిర్మల ఎత్తు దిగివచ్చేటప్పుడు ఆమె ముఖం చూసి నెహెమ్యాకు టార్చిలైటు విప్పిన నాటి ముఖం గుర్తొచ్చింది.

"నువ్వు లారీకి గేరు తగ్గిస్తావే, అది ఇదేనయ్యా," అంది అతనితో. ఖాజా మొహిద్దీన్ వైపు తిరిగి, "అన్నా, దీనికి రిక్షా పళ్ళచక్రం వేసి ఇస్తావా?" అంది.

"కొండ సైకిలుకు రిక్షా ఫ్రీవీలా?" ఆయన నవ్వాడు. "ఉన్న వేగమూ పోయిద్ది తల్లీ. తారురోడ్డుమీద ముసలోళ్ళు కూడా నిన్ను దాటిపోతారు."

"దాటిపోనీ. నాకు ముందు పోవడం కాదు, ఆగకుండా పోవడం కావాల."

ఆయన నవ్వు ఆపి సైకిలు వంక చూశాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన దుకాణంలో రిక్షా సామాను ఒక గోడకు, సైకిలు సామాను ఎదుటి గోడకు ఉండేవి. ఈ గోడది తీసి ఆ గోడదానికి వేస్తే ఎట్లా ఉంటుందని ఎవరూ అడగలేదు. ఆయనకూ తోచలేదు. "పడితే పట్టిద్ది. చూద్దాం," అన్నాడు.

కమ్మరి ఫోర్కు సరిచేసేలోపు ఖాజా మొహిద్దీన్ పాత ఫ్రీవీలు ఊడదీసి రిక్షాది బిగించాడు. గొలుసు చాలలేదు. ఇంకో గొలుసు నుంచి రెండు లింకులు తీసి కలిపాడు. అంతా అయ్యాక నిర్మల చెయ్యి వేయబోతే, "ఆగమ్మా," అని తనే ఎక్కి రైల్వేగేటు వైపు పోయాడు. చాలాసేపటిదాకా రాలేదు. వచ్చినప్పుడు చొక్కా చెమటతో తడిసి ఉంది.

"ఎక్కుతంది," అన్నాడు. "రెండుసార్లు చూసినా."

ఆ తరవాత బేరం సాగింది. బర్రె సంగతి నెహెమ్యా మళ్ళీ మళ్ళీ ఎత్తాడు. బెల్లు వద్దంది నిర్మల, డైనమో లైటు వద్దంది. బదులుగా బ్రేకులకు కొత్త రబ్బర్లు, వెనక గట్టి క్యారియరు వేయించుకుంది. చివరికి అడ్వాన్సులోనే సరిపోయింది. ఖాళీ లారీలో సైకిలును పడుకోబెట్టి తాళ్ళతో కట్టారు. దాచేపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు కూడా నిర్మల వెనక్కెక్కి పళ్ళచక్రాన్ని చేత్తో తిప్పి చూసుకుంది.

తండా వంతు వచ్చిన బుధవారం పొద్దున్నే మందులడబ్బాను క్యారియరుకు కట్టి, నెహెమ్యా పాత ఖాకీ చొక్కా చేతుల్ని కోసి కుట్టించిన గుడ్డను ఎండ తగలకుండా డబ్బాకు చుట్టి బయల్దేరింది. తారురోడ్డుమీద ఖాజా మొహిద్దీన్ చెప్పినట్టే అయింది. పాలక్యాన్లు కట్టుకున్న ముసలాయన ఒకడు వెనకనుంచి వచ్చి, ఆమె కాళ్ళు తిరిగే తీరు చూసి, "గానుగ తిప్పినట్టు తిప్పుతున్నావేంది నర్సమ్మా," అని దాటిపోయాడు. గుట్ట మొదట్లో మాత్రం ఆ ముసలాయన దిగి తోస్తుంటే, నిర్మల అతని పక్కనుంచే ఎక్కిపోయింది. ఆయన ఏమన్నాడో వినడానికి ఆమెకు ఊపిరి లేదు.

మెల్లిగా పోయింది. ఎంత మెల్లిగానంటే, దారి పక్కన తుమ్మకాయలు ఏరుకు తింటున్న మేక కూడా బెదరలేదు. రెండో మలుపు దాటింది. ఆ పైన ఒకచోట దారి గోడలాగా లేచి ఉంది, అక్కడ రిక్షా చక్రమూ పనిచేయలేదు. దిగి తోసింది. దాన్ని ఓటమి అనుకోలేదు. ఎక్కడిదాకా ఎక్కుతుందో, ఎక్కడ ఎక్కదో ఇప్పుడు తెలిసింది, అంతే.

తండాలో వేపచెట్టు కింద ఎవరూ లేరు. ఆమె ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం వచ్చే మనిషి. ఇంత పొద్దున్నే వస్తుందని ఎవరనుకుంటారు? డబ్బా మూత తీసింది. మంచుగడ్డలు అంచులు కూడా అరగకుండా ఉన్నాయి. మంచి మందు ఉంది, పిల్లలే లేరు. నిర్మలకు నవ్వొచ్చింది. సైకిలును చెట్టుకు ఆనించి, గుడిసె గుడిసెకూ తిరిగి పిలుచుకొచ్చింది. మిరపచేనుకు పోబోతున్న సోమ్లీ చంటిదాన్ని చంకనేసుకుని, తట్ట నెత్తిన పెట్టుకునే వచ్చి, డబ్బాలోకి తొంగిచూసి, మంచుగడ్డమీద వేలుపెట్టి చటుక్కున తీసింది.

"చల్లగుంది," అంది. తరవాత చంటిదాని నోరు తనే తెరిచి పట్టుకుంది.

ఎండ ముదరకముందే పని అయిపోయింది. ఇన్నేళ్ళలో ఆ తండాలో నిర్మలకు తీరిక దొరకడం అదే మొదలు. ఎప్పుడు చూసినా బస్సు పోతుందనే గాభరా. ఇప్పుడు నింపాదిగా మంచినీళ్ళు తాగుతూ చుట్టూ చూసింది. తండా వెనకనుంచి ఒక సన్నటి బాట గుట్ట అవతలికి పోతోంది. అది ఉన్నట్టు ఆమెకు తెలుసు గాని, దాని సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

"ఆ బాట ఎటు పోయిద్ది సోమ్లీ?"

"అటా? మా మేకలు పోతయి. ఆడ బొగ్గోళ్ళు ఉంటారు."

"బొగ్గోళ్ళెవరు?"

"అడవిలో బొగ్గులు కాలుస్తారే, వాళ్ళు. మార్కాపురం కాడినుంచి వచ్చినారంట. రెండేళ్ళాయె."

"పిల్లలున్నారా వాళ్ళకు?"

సోమ్లీ ఆమెను వింతగా చూసింది. "మనుషులున్నాక పిల్లలుండరా?"

నిర్మల డబ్బా వంక చూసింది. మందు మిగిలి ఉంది, మంచూ ఉంది. లేచి చీర గోచీ బిగించింది. సోమ్లీ ఒక నిమిషం నిలబడి చూసి, కూలికి పోయే పొద్దు ఎటూ దాటింది గదా అనుకుందో ఏమో, తట్ట పక్కింట్లో పెట్టి, చంటిదాన్ని అత్తకిచ్చి వచ్చింది.

"నీకు దారి తెలవదు. వాళ్ళు కొత్తోళ్ళను దగ్గరికి రానీయరు. నేనొస్తా. ఇది ఇద్దర్ని మోసిద్దా?"

"తెలవదు. చూద్దాం కూర్చో," అంది నిర్మల.

సోమ్లీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని క్యారియరు మీద కూర్చుంది. ఆమె చేతులనిండా ఉన్న గాజులు ప్రతి రాయికీ గలగలలాడాయి. కొత్త బ్రేకు రబ్బర్లు ఎంతవరకు పట్టుకుంటాయో అవతలి వాలులో తెలిసింది. బాగానే పట్టుకున్నాయి గాని, కాలిన వాసన వచ్చింది. నిర్మల ఆగి, చక్రం అంచు ముట్టుకుని చూసి, చల్లారేదాకా సైకిలునూ సోమ్లీనీ నడిపించింది.

బొగ్గుబట్టీల పొగ ముందు కనబడింది, తరవాత తాటాకు గుడిసెలు, తరవాత పిల్లలు. మసిపట్టిన ముఖాలతో ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నిర్మల అనుకున్నదానికంటే చాలామంది. ఒక నడివయసు ఆడమనిషి చేతిలో కర్రతో అడ్డం వచ్చింది.

"ఎవురు మీరు? ఫారెస్టోళ్ళా?"

"నర్సును తల్లీ. పిల్లలకు చుక్కలమందు వేస్తా. కాళ్ళు పడిపోకుండా."

"మాకేం మందులొద్దు. మా పిల్లల కాళ్ళు బాగానే ఉండయి."

నిర్మల ఏదో చెప్పబోయేలోపు సోమ్లీ డబ్బాతో ముందుకొచ్చింది. "ఈమెను నేనూ తిట్టినా," అంది. "రెండు నెలలు నా కూలి పోగొట్టింది. ఇయ్యాల పొద్దున నా బిడ్డకు వేయించినా. మందు మంచిది కాకపోతే వేయకుండా తిరిగిపోయిద్ది ఈమె, నేను చూసినా. వేస్తానందంటే అది మంచిదే." మూత తీసి ఆమె చెయ్యి పట్టుకుని మంచుగడ్డమీద పెట్టింది. "చూడు."

ఆ మనిషి చెయ్యి వెనక్కి తీసుకుని, తడిని బుగ్గకు రాసుకుంది. కర్ర కింద పెట్టింది. ఒక గుడిసె వైపు తిరిగి ఎవరినో కేకేసింది. లోపలినుంచి ఒక పడుచు పిల్ల బిడ్డనెత్తుకుని వచ్చింది. ఆ వెనక ఇంకొకతె.

మందు అందరికీ సరిపోలేదు. కొందరు పెద్దపిల్లలు మిగిలిపోయారు. మళ్ళీ నెల వస్తానని నిర్మల చెబితే, కర్ర పట్టుకున్న ఆడమనిషి "వస్తే రా," అంది. రమ్మన్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు. పోయేటప్పుడు మాత్రం ఆకుదొన్నెలో ఇంత తేనె పెట్టి ఇచ్చింది.

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారికి బొగ్గుబట్టీల సంగతి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయి, ఆ గుడిసెలను కూడా ఆమె తిరిగే ఊళ్ళలోనే కలిపేశాడు. తోటి నర్సులు నవ్వారు. సైకిలు కొని పని తగ్గించుకుంటారెవరన్నా, నువ్వు కొని పెంచుకున్నావు అన్నారు. నిజమే అనుకుంది నిర్మల. వాళ్ళకు ఒక్కొక్క చుక్క తేనె నాకించింది.

నెహెమ్యా మాత్రం వేరే సంగతి అడిగాడు. ఆదివారం మధ్యాహ్నం సైకిలును తలకిందులుగా నిలబెట్టి, బ్రేకులు సరిచేస్తూ, "ఆ బొగ్గోళ్ళ దగ్గర్నుంచి బాట ఆగిపోతందా, ఇంకా ముందుకు పోతందా?" అన్నాడు.

"పోతందంట. నీళ్ళ చప్పుడు వినపడేదాకా పోతందంట. ఎత్తిపోతల జలపాతం వైపేమో. వాళ్ళూ అంతదూరం పోలేదు."

నెహెమ్యా చక్రాన్ని ఒకసారి గట్టిగా తిప్పి, అది తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"జాన్ సాహెబ్‌ను అడిగితే నాకొకటి అద్దెకిస్తాడంటావా?" అన్నాడు.